ఏడో అక్షరం దగ్గర నన్ను వదిలేయని ఆవిడకు

ఇరవై రెండు రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం నాన్నగారి గదిలో టీవీ మళ్లీ పలికింది. నిద్ర చాలక తల తిరుగుతున్నా, ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే రేపు పనుల్లో పడి వాయిదా వేస్తానేమోనన్న భయంతో కూర్చున్నాను.

సంగతి చిన్నదే. ఒకే రోజు, ఒకే బిల్లు మీద, ఒకే రకం స్ట్రీమింగ్ స్టిక్‌లు (టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లోని కార్యక్రమాలు చూపించే చిన్న పరికరాలు) రెండు కొన్నాము. ఒకదాన్ని హాల్లో తమ్ముడి ఖాతాతోనూ, రెండోదాన్ని మంచం దిగలేని నాన్నగారి గదిలో నా ఖాతాతోనూ పెట్టాము. ఏడు నెలలు సజావుగా నడిచాక నాన్నగారి గదిలోది లోగో చూపించి, ఆరిపోయి, మళ్లీ అదే లోగో చూపించడం మొదలుపెట్టింది. వారంటీ ఇంకా ఉంది కాబట్టి నాలుగు రోజుల్లో మార్చి ఇస్తారనుకుని నిశ్చింతగా ఆ కంపెనీకి ఫోను చేశాను.

సీరియల్ నంబరు అడిగారు. దాచిపెట్టిన పెట్టె మీద ఉన్నది చదివాను. ఆ నంబరు వేరొకరి పేరున నమోదై ఉందనీ, అది ముందు రోజు రాత్రి కూడా చక్కగా పనిచేసిందనీ జవాబు వచ్చింది. కంగారుపడి స్టిక్ మీద అంటించిన స్టిక్కరులోని నంబరు చదివితే, అటువంటి నంబరు తమ రికార్డుల్లోనే లేదన్నారు. బిల్లు చూద్దామంటే, రెండు స్టిక్‌లు కొన్నా అందులో వేసినది ఒక్క నంబరే, అదీ ఆ పెట్టె మీదిదే. ఇక అక్కడి నుంచి వారి గొంతు మారింది. ఈ వస్తువు నా చేతికి ఎలా వచ్చిందో వివరించాలని అడిగిన రోజున, డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువుకు నేను దొంగలా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత చేసిన ప్రతి ఫోనుకూ ఒక కొత్త ఫిర్యాదు సంఖ్య పుట్టింది. మొత్తం పదకొండు. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. ఒకాయన బార్‌కోడ్ కింద ఉన్న 13 అంకెలను చదివించుకుని అదే సీరియల్ నంబరుగా రాసుకున్నారు. అది ఆ రకం వస్తువుకు ఇచ్చిన సంఖ్య, ఆ రకం పెట్టెలన్నింటి మీదా అదే ఉంటుంది. మరొకాయన 12 స్థానాల మ్యాక్ అడ్రసును నమోదు చేశారు. నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించడానికి పనికొచ్చే ఆ అడ్రసుకూ సీరియల్ నంబరుకూ సంబంధమే లేదు. తప్పు ఎవరు చేసినా చివరికి నా ఫోనుకు వచ్చే సందేశం మాత్రం ఒకటే: “మీరు ఇచ్చిన నంబరు సరిపోలలేదు.”

ఇరవయ్యో రోజు రాత్రి, ఇదే ఆఖరు, ఇక దీన్ని పారేసి కొత్తది కొంటానని నిశ్చయించుకుని ఫోను చేశాను. ఆ ఫోను ఎత్తిన ఆవిడ గురించే ఇదంతా రాస్తున్నాను. అలవాటుగా నేను నంబరు చదవబోతే ఆవిడ ఆపి, “నంబరు తర్వాత చెబుదురు గాని, ముందు జరిగింది చెప్పండి” అన్నారు. అన్ని రోజుల్లో ఆ మాట అడిగినవారు మరొకరు లేరు. అంతా విని ఆవిడ వేసిన ప్రశ్న కూడా నాకు ఎన్నడూ తట్టనిదే: “రెండు పెట్టెలూ ఒకే రోజు, ఒకే బల్ల మీద విప్పారా?”

ఔను, ఒకే బల్ల మీద విప్పాము. స్టిక్‌లను టీవీలకు తగిలించి, ఖాళీ పెట్టెల్లో ఒకదాన్ని పారేసి, ఒకదాన్ని దాచాము. హాల్లోకి వెళ్లి టీవీ సెట్టింగ్స్‌లో పరికరం వివరాలు తెరవమన్నారు. తెరపై కనబడిన సీరియల్ నంబరూ, నా చేతిలో ఉన్న పెట్టె మీది నంబరూ ఒక్కటే. ఇరవై రోజులుగా నన్ను అనుమానానికి గురిచేసిన ఆ “వేరొకరు” మా తమ్ముడే.

మిగిలింది స్టిక్కరు. చీమ తలకాయంత అక్షరాలు, వేడికి సగం వెలిసిపోయాయి. దాన్ని చదవవద్దనీ, ఫోనులో నా ఖాతా తెరిచి రిజిస్టర్ చేసిన పరికరాల జాబితాలో నాన్నగారి స్టిక్ పేరు మీద నొక్కమనీ ఆవిడే చెప్పారు. స్టిక్ చచ్చిపడి ఉన్నా దాని నంబరు అక్కడ తేటతెల్లంగా ఉంది. నేను ఒక్కొక్క అక్షరం చెబుతుంటే ఆవిడ తిరిగి పలుకుతున్నారు. ఆరు దాటాము, ఏడో దగ్గర లైను తెగిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను, ఎందుకంటే అంతకుముందు తెగిన ఫోన్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. రెండు నిమిషాలకు ఫోను మోగింది. “తెగిపోయిందండీ, ఏడో అక్షరం దగ్గర ఉన్నాం.” ఇన్నాళ్లూ నేను ఎనిమిదిగా చదివినది బీ అని తేలింది. “బంతిలో బీ, ఎనిమిది కాదు కదండీ?” అని రెండుసార్లు అడిగి, ఆవిడ కాసేపు ఆగి, “మీరు మొదటి నుంచీ నిజమే చెబుతున్నారు, ఫైలులో కూడా అలాగే రాస్తున్నాను” అన్నారు.

నాకు మాట పెగల్లేదు. నడివయసు మనిషిని, హాల్లో నేల మీద ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ తొందరపెట్టలేదు, ఓదార్చనూ లేదు. అవతల కీబోర్డు చప్పుడు మాత్రం వినబడుతూ ఉంది. అంతసేపు మాట్లాడితే తమకు మాట వస్తుందని ఆఖరున నవ్వుతూ అన్నారు గనుక పేరు రాయడం లేదు. అమ్మా, మీకు శతకోటి నమస్కారాలు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. వాహనాల గుర్తింపు సంఖ్యలో 17 స్థానాలు ఉంటాయి; 1, 0 అంకెలతో పొరబడతారని ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో అసలు వాడరు. అంతటి ఆలోచన అరచేతిలో ఇమిడే ఈ వస్తువుకు ఎందుకు పనికిరాలేదో తెలియదు. పోనీ, వారంటీ ఫారంలో నంబరు సరిపోకపోతే కారణం చెప్పుకోవడానికి రెండు వరుసల ఖాళీ అయినా ఉండాలి కదా! నంబరు కుదిరితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది, కుదరనివాడు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. సరిపోలకపోవడం మోసానికి గుర్తు అని ముందే తీర్మానించుకున్న ఏర్పాటు అది.

రాత్రుళ్లు నాన్నగారికి పుస్తకం చదివి వినిపించిన నా భార్యకూ, ఫోను పట్టుకుని విసుక్కునే నన్ను భరించిన తమ్ముడికీ కృతజ్ఞతలు.

ఇది ముగించబోతుంటే గుర్తొచ్చింది: బిల్లు రెండో ప్రతి వెతికి పంపి, రెండో నంబరు ఎందుకు వేయలేదో నిజాయితీగా ఒప్పుకున్న అమ్మకాల ఉద్యోగికి కూడా కృతజ్ఞతలు. కొత్త స్టిక్ తెచ్చిన కొరియర్ అబ్బాయిని గుమ్మంలోనే నిలబెట్టి, చీటీ మీద, పెట్టె మీద, స్టిక్ మీద నంబర్లు మూడూ పోల్చి చూసుకునేదాకా సంతకం పెట్టలేదు. పాపం, విసుక్కోకపోగా తన ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. పక్కింటి మాస్టారూ, మీ భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది, రేపు ఉదయం తెచ్చి ఇస్తాను.