ఒరేయ్ సత్తీ, నాన్న ఫో తిన్నాడు

శాన్ హోసే
శనివారం పొద్దున్న

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ముందు తిట్టు. తిట్టడం అయ్యాక చదువు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు సగంలోనే పగలబడి నవ్వి, "ఆ తర్వాత, ఆ తర్వాత" అని తొందరపెట్టి మొత్తం చెడగొడతావు. ఇది వరసగా చెప్పాల్సిన సంగతి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చిన్నాడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఆఫీసులో మేనేజరు మారాడు, ఈ కొత్తాయనకి మీటింగుల పిచ్చి. మీ పెళ్ళిరోజు మర్చిపోయాను, చెల్లెమ్మకి సారీ చెప్పు. అమ్మా నాన్నా వచ్చి ఐదు వారాలైంది. అంతే.

ఇక అసలు సంగతి. నాన్న ఫో తిన్నాడు.

ఫో అంటే వియత్నాం వాళ్ళ నూడుల్స్ పులుసు. పులుసు కాదు, చారు. చారు కూడా కాదు. మన పాయా షేర్వాలో బియ్యప్పిండి సేమ్యా వేసుకున్నట్టు ఊహించుకో. ఈ ఊరు వియత్నాం వాళ్ళతో నిండిపోయి ఉంటుందిరా, వాళ్ళ దేశం బయట ఏ ఊళ్ళోనూ ఇంతమంది లేరు, లక్ష పైనే. 1975లో సైగాన్ పడిపోయాక ఓడల్లో, పడవల్లో వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. మా బెర్రియెస్సాలో నాలుగు వీధులు తిరిగితే రెండు దోసె హోటళ్ళు, మూడు ఫో హోటళ్ళు కనిపిస్తాయి.

నాన్న సంగతి నీకు చెప్పక్కర్లేదు, స్టెంట్లు వేశాక ఎలా అయిపోయాడో నువ్వే చూశావు. ఆ రాత్రి నువ్వు కారు తీసి ఏలూరు దాకా... సరే, అది మొదలుపెడితే ఈ ఉత్తరం పూర్తవదు. ఇక్కడికొచ్చాకా అదే వరస. ఉప్పు లేని కూర తింటాడు, మందులు వేసుకుంటాడు, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటాడు. రోజుకో మాట మాత్రం అంటాడు: "ఇంత రోడ్డేసి ఒక్కడూ నడవడేంట్రా." ఆయన ఎక్కువ మాట్లాడితే నేను విసుక్కునే రోజులు నాకు గుర్తున్నాయి. మాట్లాడకపోతే ఇంత టెన్షన్ అని తెలియదు.

మొన్న గురువారం. అమ్మకి సాయిబాబా ఉపవాసం, మా ఆవిడకి ఆఫీసులో లేటు. నేను నాన్నని తీసుకుని బయటపడ్డాను. "ఎక్కడికి?" అన్నాడు. "ఫో తిందాం నాన్నా" అన్నాను. "తినడానికి పిలిచి పొమ్మంటావేంట్రా?" అన్నాడు.

ఐదు వారాల్లో అది మొదటి జోకు. జోకు అని ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. (అసలు దాన్ని ఫో అనకూడదట. ఫాకీ ఫోకీ మధ్యలో పట్టుకుని, చివర ప్రశ్న అడిగినట్టు గొంతు దించి లేపాలట. ఆ హోటలు కుర్రాడు నాకు మూడుసార్లు నేర్పాడు. నేనన్న ప్రతిసారీ వాడు చాలా మర్యాదగా బాధపడ్డాడు.)

చిన్న హోటలు. పన్నెండు టేబుళ్ళు, గోడకి టీవీ, గల్లాపెట్టె దగ్గర బత్తాయిలు పెట్టిన దేవుడి గూడు. అరవై దాటినావిడ వంట, కొడుకు వడ్డన. నేను అప్పుడప్పుడూ పోతుంటాను కాబట్టి కుర్రాడికి తెలుసు, నాకు గొడ్డుమాంసం వద్దని, కోడి ఫోయే కావాలని. కోడి ఎసరు వేరే గిన్నెలో కాస్తారు. అయినా నాన్న కోసం మళ్ళీ అడిగాను, ఆయన వినేలాగా.

కుర్రాడు నాన్నని చూసి వయసెంత అని అడిగాడు. నేను బిత్తరపోయాను, ఇక్కడ ఎవరూ అలా అడగరు. డెబ్భై అని చెప్పాను. లోపలికి కేకేసి ఏదో అన్నాడు, అందులో "బాక్" అనే మాట వినపడింది. ఏమిటని అడిగితే, తండ్రికంటే పెద్దాయన్ని బాక్ అంటారట, చిన్నాయన్ని చూ అంటారట. అది తేలకుండా పలకరించడం కుదరదట. నేను తర్జుమా చేశాను: "పెదనాన్న అంటున్నాడు నాన్నా. చిన్నవాడివైతే బాబాయ్ అనేవాడు." నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మరి ఇన్నాళ్ళూ ఈ దేశంలో అందరూ హాయ్ అంటారేంటి?" అన్నాడు. ఇంకోటి చూశాను, ఆ పిల్లాడు తల్లి ఏం చెప్పినా ముందు "యా" అంటాడు. అమెరికా యా కాదది, మర్యాద యా. అచ్చం మన గోదావరి "ఆయ్". నాన్నా "ఆయ్", వాడూ "యా". ఐదు నిమిషాలు ఇద్దరూ అదే.

ముందు ఆకుల పళ్ళెం వచ్చింది. మూరెడు పొడుగు పెసర మొలకలు, నిమ్మచెక్కలు, పచ్చిమిరప చక్రాలు, రంపపు అంచుల ఆకొకటి (కొత్తిమీర వాసనేస్తుంది), ఊదారంగు కాడల తులసి. "ఇదంతా మేకలకా?" అన్నాడు నాన్న. కుర్రాడు నవ్వి చెప్పాడు. ఫో ఉత్తరాదిదట, అక్కడ ఇన్ని ఆకులుండవట. 1954లో దేశం రెండైనప్పుడు ఉత్తరం నుంచి పది లక్షల మంది దాకా దక్షిణానికి వచ్చేశారు, వాళ్ళతో ఫో కూడా దిగింది. దక్షిణం వాళ్ళు దానికి ఆకులు, మొలకలు, తియ్యటి నల్ల సాసు అన్నీ తగిలించారు. వీళ్ళమ్మది దక్షిణం.

నాన్న ఇదేమీ వినట్లేదు. తులసి రెమ్మని ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు. "ఇది తులసేరా." తులసి జాతే నాన్నా అన్నాను. "దీన్ని కోడిమాంసంలో వేస్తారా?" వేస్తారు. "తప్పు." అని ఆ రెమ్మని కళ్ళకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, "నా నోట్లో తులసినీళ్ళు పొయ్యడానికి అందరూ తొందరపడుతున్నారు, మీరు కూడానా?" అన్నాడు ఆ కుర్రాడితో, తెలుగులోనే. వాడు "యా" అన్నాడు.

నేను మెనూ వెనక మొహం దాచుకున్నాను. నవ్వో ఇంకోటో తెలియదు.

తర్వాత సీసా. ఎర్ర సాసు, ఆకుపచ్చ మూత, మీద కోడిపుంజు బొమ్మ. గూడెం మనిషి పుంజుని చూసి ఊరుకుంటాడా! అటు తిప్పి ఇటు తిప్పి, "తెల్లగా ఉంది కాబట్టి సేతువ అనుకోవాలి. తోక చూస్తే మాత్రం బరిలో నిలబడదు" అన్నాడు. ఆ సాసు కంపెనీ పెట్టినాయన కూడా వియత్నాం నుంచి ఓడెక్కి వచ్చినవాడేనని, కోడి సంవత్సరంలో పుట్టాడు కాబట్టి ఆ బొమ్మ అని, కంపెనీకి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడని చెప్పాను. "మంచి పని చేశాడు" అని, కాసేపాగి, "సత్తిగాడి చొక్కాలో దాక్కున్న పుంజు ఏ రంగురా?" అన్నాడు. కాకి అన్నాను. "కాదు, డేగ" అన్నాడు. నువ్వే తేల్చాలి. పోలీసులొచ్చిన ఆ సంక్రాంతి వీపంతా గీరించుకున్నది నువ్వే కదా.

గిన్నె వచ్చింది. ఎంత గిన్నె అనుకున్నావు, మన హాస్టల్లో మున్నేరు పోసే గిన్నె అంత. (మున్నేరు గుర్తుందా? హాస్టల్ చారుకి మనం పెట్టిన ఏటి పేరు. చెప్పులు విప్పి దిగాల్సినంత పల్చన.) ఇది అలాంటిది కాదు. పైన ఉల్లికాడలు, కొత్తిమీర, చీల్చిన కోడిమాంసం. ఆవిరి మొహానికి కొట్టగానే నాన్న కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు: "అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు. బిర్యానీ ఎక్కడ?" అల్లం, ఉల్లిపాయ నిప్పుల మీద నల్లగా కాల్చి ఆ ఎసట్లో వేస్తారు, అందుకని పొగ వాసన కూడా సన్నగా తగులుతుంది. మన బిర్యానీకి అనాసపువ్వు వియత్నాం నుంచి కూడా దిగుమతి అవుతుందని చెప్తే నమ్మలేదు. పుల్లలు పక్కన పడేసి స్పూనుతో మొదలుపెట్టాడు, తర్వాత గిన్నె ఎత్తి తాగాడు. మొత్తం తాగాడురా. అందులో ఎంత ఉప్పుందో, చేపల సాసు ఎంతుందో నాకు తెలుసు. మా ఆవిడకి చెప్పకు. చెల్లెమ్మకి కూడా చెప్పకు, వాళ్ళిద్దరూ వాట్సాప్‌లో ఒక్కటే.

ఇక్కడిదాకా మామూలే. ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

పక్క టేబుల్లో ఒక ముసలాయన, ఆయన ముందు పళ్ళెంలో అన్నం, కాల్చిన పంది ముక్క, గుడ్డు. నాన్న అటే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ లేచాడు. వెళ్ళి ఆ పళ్ళెం మీదికి వంగాడు. అంటే తల దాదాపు ఆయన గుడ్డుకి తగిలేంత. నాకు ప్రాణం పోయింది. అక్కణ్ణించే కేకేశాడు:

"ఒరేయ్, నూకలురా! అచ్చంగా నూకలు!"

నేను పరిగెత్తాను, సారీలు చెప్పాను. ఆ ముసలాయన మాత్రం పళ్ళెం ఇంకాస్త నాన్న వైపు జరిపాడు, చూడమన్నట్టు. దాన్ని కామ్ తామ్ అంటారట. తామ్ అంటే విరిగిన బియ్యమే. మెనూలో చూపించాను, 17 డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చుకుని కూలబడ్డాడు. "పదిహేను వందలా! మా మిల్లులో ఆ డబ్బుకి బస్తా వచ్చేది. కోళ్ళదాణాకి అమ్మేవాళ్ళంరా వీటిని!"

ముప్పై ఏళ్ళు రైసుమిల్లు గుమాస్తా కదా. నిద్రలో కూడా ఊక, తవుడు, నూక విడివిడిగా లెక్కలు చెప్పేవాడు. ఎఫ్‌సీఐకి పంపే పచ్చిబియ్యంలో నూక 25 శాతం దాటితే లారీ వెనక్కొచ్చేదని, ఆ రోజు ఇంట్లో ఎవరం నోరెత్తేవాళ్ళం కాదని నీకూ తెలుసు. ఆయన జీవితమంతా నూకతో యుద్ధం. ఆ నూకని ఇక్కడ పళ్ళెంలో గుమ్మటంలా బోర్లించి పెట్టారు.

గోల విని వంటావిడ బయటికొచ్చింది. ఏమైందంటే కుర్రాడు చెప్పాడు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికెళ్ళి చిన్న గిన్నెలో పచ్చి నూకలు తెచ్చి నాన్న ముందు పెట్టింది. సత్తీ, నువ్వు చూడాల్సింది. నాన్న గుప్పెడు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో పరిచి, లైటు కిందికి పట్టాడు. రెండు గింజలు పంటి కింద వేసి టక్కుమనిపించాడు. "పచ్చిబియ్యపు నూక. ఉప్పుడు కాదు. తేమ లేదు, బాగా ఎండింది. రాయి లేదు, మెరిగ లేదు. ఎవరో శ్రద్ధగా జల్లించారు." స్టెంట్లు వేశాక ఆ చెయ్యి వణుకుతోందని అమ్మ గొడవ. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఏమో, ఆ కాసేపు...

తర్వాత మాటలు నాలుగు నోళ్ళ మీదుగా నడిచాయి. నాన్న తెలుగులో నాకు, నేను ఇంగ్లీషులో కుర్రాడికి, వాడు వాళ్ళ భాషలో తల్లికి. మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఆవిడది మెకాంగ్ డెల్టాలో కాన్ థో పక్కన పల్లె, వరి తప్ప ఏమీ తెలియదట. అమ్ముడుపోని విరిగిన బియ్యం బీదవాళ్ళు వండుకునేవాళ్ళట, చిన్నప్పుడు వాళ్ళింట్లో అదే. మరి ఇప్పుడు 17 డాలర్లేంటి అని అడగమన్నాడు నాన్న. నేను అడగలేదు. నాన్న ఊరుకోకుండా చేత్తో సైగ చేసి అడిగేశాడు. ఆవిడ పడీపడీ నవ్వింది.

అప్పుడన్నాడు: "ఆవిడతో చెప్పరా. నాకింకా భూమ్మీద నూకలున్నాయని డాక్టరన్నాడు గానీ, ఎక్కడున్నాయో చెప్పలేదని."

దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పమంటావు? నేను నీళ్ళు నమిలాను. మా నాన్నకి నూకలు ఇంకా మిగిలి ఉన్నాయని డాక్టరు చెప్పాడు, అవి మీ దగ్గరున్నాయి అని ఏదో కూశాను. కుర్రాడు కనుబొమ్మలు ముడేసి తల్లికి చెప్పాడు. ఆవిడ నాన్న మొహంలోకి చూసి, గబగబా లోపలికెళ్ళి, రెండు కిలోల నూకల సంచి తెచ్చి చేతిలో పెట్టింది. డాక్టరు నూకలు తినమన్నాడనుకుంది పాపం! డబ్బిస్తే కసిరింది. నాన్న ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కారంతా నవ్వుతూనే ఉన్నాడు. రెడ్ లైటు దగ్గర పక్క కారువాళ్ళు చూశారు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, ఈ సంచేంటి, జేబులో ఈ తులసేంటి అని. "గుడికెళ్ళాం" అన్నాడు.

అప్పట్నుంచీ కిటికీ కుర్చీ ఖాళీ. నిన్న చిన్నాడిని కూర్చోబెట్టి నూకకీ రవ్వకీ తేడా చెప్పాడు, గంటన్నర. వాడు పళ్ళు లేని నోటితో "నూక" అనడం నేర్చుకున్నాడు. నువ్వెలా ఉన్నావని రోజూ అడుగుతున్నాడు నీ బాబాయ్. ఇంకా చాలా ఉంది రాయడానికి, ఆ ఐస్ కాఫీ సంగతి చెప్పనే లేదు, అడుగున వేలెడు మందాన మిల్క్‌మెయిడ్ పోస్తారు, నాన్న సగం...

ఉండు, పిలుస్తున్నాడు. అమ్మ ఆ నూకలతోనే పెసరపప్పు వేసి ఉప్పుపిండి చేసింది పొద్దున్నే. ఆవిడకి ఇచ్చి రావాలట, వేడి మీదే ఇవ్వాలట. చెప్పులేసుకుని గుమ్మంలో నించున్నాడు. డబ్బా మూత పట్టట్లేదని అరుస్తున్నాడు. ఆవకాయ కూడా పెట్టమంటున్నాడు, వద్దంటే వినడు, ఆవిడ

వెళ్ళొచ్చి రాస్తాను. పుంజు డేగా కాకా, అది మాత్రం వెంటనే రాయి.

నీ
రాంబాబు