"మర్చిపో" అంటే పోదు

సంపాదకుడి గారికి,

ప్రమాదమో దాడో ఎదురైనవాళ్లకి మనం ముందుగా చెప్పేది "అది మర్చిపో, దాని గురించి మాట్లాడకు" అనే, కానీ తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుంది. భయం ఒక్కటేనా! సిగ్గు, కోపం, తప్పంతా నాదేనన్న బాధ, అసలేమీ అనిపించని మొద్దుబారినతనం కూడా వస్తాయి. మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ థెరపీలో, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లలో, థెరపిస్ట్ దగ్గరుండి ఆ జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ చెప్పిస్తారు, నిజంగా ప్రమాదం లేకపోయినా దూరం పెట్టిన చోట్లకి మెల్లమెల్లగా వెళ్లమంటారు. మొదట్లో టెన్షన్ పెరగొచ్చు, కొందరు మధ్యలో మానేస్తారు కూడా, అందుకే ఇది ఇంట్లోవాళ్లు బలవంతంగా చేయించే పని కానే కాదు. జ్ఞాపకం చెరిగిపోదు, గుర్తొచ్చినా తట్టుకోగలమన్న నమ్మకం వస్తుంది. ఈ చికిత్స గురించి మీ పత్రికలో వివరంగా రాయండి.

– ఒక పాఠకురాలు