ఫంక్షన్ హాళ్ల మోతకు హాలు యజమానులే జవాబుదారులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు నగరంలో ఇళ్ల మధ్య నడుస్తున్న ఫంక్షన్ హాళ్ల నుంచి, పెళ్లి మెరవణి బండ్ల నుంచి రాత్రివేళ వెలువడే శబ్దం గురించి మీ పత్రిక ద్వారా నగరపాలక సంస్థకు, జిల్లా పోలీసు అధికారులకు ఒక విన్నపం చేయదలచుకున్నాను. ఉన్న చట్టం బాధపడేవారు ఫోను చేస్తే తప్ప కదలడం లేదు. ఆ భారాన్ని పక్కింటివారి మీద నుంచి తీసి, అనుమతి ఇచ్చేవారి మీద, తీసుకునేవారి మీద పెట్టే స్థానిక నిబంధనలు మనకు కావాలి.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగటిపూట 55 డెసిబెల్స్‌ను, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్‌ను మించకూడదు. రాతపూర్వక అనుమతి లేకుండా ఏ వేళలోనూ లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. రాత్రి 10 దాటాక, నాలుగు వైపులా మూసి ఉన్న హాళ్ల లోపల తప్ప, లౌడ్‌స్పీకరు గానీ వాద్యాలు గానీ మోగకూడదు. మత, సాంస్కృతిక ఉత్సవాలకు అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాది మొత్తంలో 15 రోజులకు మించరాదు, ఆ రోజులేవో ముందుగానే ప్రకటించాలి. ఎవరో ఒకరి ఇంట జరిగే పెళ్లి ఈ సడలింపు కిందికి రాదని దీన్నిబట్టే తెలుస్తోంది. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని, తన ఆవరణ దాటి ఇరుగుపొరుగును బాధించే శబ్దం చేసే హక్కు ఎవరికీ లేదని చెప్పింది.

మూసి ఉన్న హాళ్లకు ఇచ్చిన మినహాయింపు మన ఊళ్లో ఎలా దారి తప్పిందో అధికారులు ఒక్కసారి స్వయంగా వచ్చి చూడాలి. పైన రేకులు, రెండు మూడు వైపులా గోడే లేని భోజనాల షెడ్డు, ముందు ఆరుబయట స్టేజీ, ఆ స్టేజీకి అటూ ఇటూ మనిషెత్తు బేస్ బాక్సులు ఉన్న చోటును కూడా హాలు అనే అంటున్నారు. బుకింగ్ రసీదు మీద హాలు అని రాసి ఉన్నంత మాత్రాన అక్కడి మోత లోపలే ఉండిపోదు. నిజంగా తలుపులు మూసిన ఏసీ హాలుకైనా హద్దు లేకపోలేదు. ప్రైవేటు స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టం వల్ల ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి నిర్ణయించిన స్థాయి కన్నా 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఇళ్ల మధ్య ఉన్న ఫంక్షన్ హాలు ప్రహరీ దగ్గర పగలు 60, రాత్రి 50 డెసిబెల్స్ మించరాదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే వచ్చే శబ్దం ఇంచుమించు 60 ఉంటుంది.

డెసిబెల్స్ లెక్క తెలియనివారికి 60కి, 80కి పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు. పది డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ శబ్దశక్తి పది రెట్లవుతుంది కాబట్టి, ఇరవై పెరిగితే వంద రెట్లు అయినట్టు. అందులోనూ డీజే బేస్‌ది వేరే స్వభావం. పాటలోని మాటలు, సన్నాయి వంటి హెచ్చు పౌనఃపున్యపు స్వరాలు గోడ తగిలితే చాలావరకు ఆగిపోతాయి గానీ, తక్కువ పౌనఃపున్యంలో ఉండే బేస్ గోడల్లోంచి, నేలలోంచి కూడా వస్తుంది. తలుపులన్నీ మూసి, కిటికీ రెక్కల సందుల్లో పాత గుడ్డలు కుక్కినా, గూట్లో ఒకదాని మీద ఒకటి బోర్లించిన స్టీలు గ్లాసులు ఆ దరువుకు సన్నగా అదురుతూనే ఉంటాయి. మంచం మీద చెయ్యి ఆనిస్తే ఆ అదురు చేతికి తెలుస్తుంది. గుండె ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన పెద్దాయన మా వీధిలోనే ఉన్నారు. పాట బాగుందా లేదా అన్నది ఆయనకు పట్టదు, ఆ దరువు ఎప్పుడు ఆగుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు. నిబంధనల్లో శబ్దాన్ని కొలిచే ఎ స్కేలు ఈ బేస్‌ను తగ్గించి చూపిస్తుంది. కాబట్టి మీటరు పెట్టి కొలిచే అధికారులు బేస్‌ను అంతగా తగ్గించని సి స్కేలు రీడింగును కూడా నమోదు చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మన ప్రాంతంలో ఈ బాధ కాలాన్ని బట్టి మరింత పెరుగుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు సరిగ్గా ఇంటర్, పదో తరగతి పరీక్షల ముందు రోజుల్లోనూ, పరీక్షలు జరిగే రోజుల్లోనూ పడతాయి. ఆ తర్వాత వచ్చే వైశాఖ ముహూర్తాల నాటికి కర్నూలు ఎండల సంగతి చెప్పనక్కరలేదు. ఏసీ లేని ఇళ్లవారంతా కిటికీలు బార్లా తీసుకునో, మిద్దె మీద పక్కలు వేసుకునో పడుకునే రోజులవి. వారికి కిటికీలు మూసుకోమని సలహా ఇవ్వడం న్యాయం కాదు.

మరి ఫిర్యాదు చేయవచ్చు కదా అంటారు. 112కి ఫోను చేస్తే పోలీసులు వస్తున్నారు, వారిని నేను తప్పుపట్టను. కానీ చర్య తీసుకోవడానికి నిబంధనల్లో చెప్పిన అధికారి అంటే జిల్లా కలెక్టరు, పోలీసు కమిషనరు లేదా డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి. రాత్రి పదకొండింటికి హాలు గేటు దగ్గరికి వచ్చేది బీటులో ఉన్న కానిస్టేబుల్. ఆయన చెప్పి వెళ్లాక పది నిమిషాలు తగ్గించి, మళ్లీ పెంచుతారు. ఈలోగా ఫోను చేసింది ఎవరన్న సంగతి వీధిలో పాకిపోతుంది, శుభకార్యానికి అడ్డుపడ్డారన్న నిందను ఆ కుటుంబం ఏళ్ల తరబడి మోస్తుంది. అందుకే చాలామంది నోరు మూసుకుని సహిస్తున్నారు. ఫిర్యాదులు రాకపోవడాన్ని చూసి ఇబ్బంది లేదని అధికారులు అనుకోవద్దు.

పెళ్లివారు తెల్లవారేసరికి హాలు ఖాళీ చేసి తమ ఊరికి వెళ్లిపోతారు. డీజే బండి మర్నాడు ఎమ్మిగనూరులోనో, డోన్‌లోనో మరో పెళ్లిలో ఉంటుంది. రోజూ అక్కడే ఉండేది హాలే, లైసెన్సు ఉన్నదీ హాలుకే. కాబట్టి బాధ్యతను హాలుతోనే ముడిపెట్టాలి. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యూవల్ చేసేటప్పుడు నగరపాలక సంస్థ కొన్ని షరతులు పెట్టాలి. బయటి నుంచి తెచ్చిన బేస్ బాక్సులను ఆరుబయట పెట్టనివ్వకూడదు. హాలులో స్థిరమైన సౌండ్ సిస్టం ఉండాలి, దానికి శబ్దం హద్దు దాటకుండా ఆపే సౌండ్ లిమిటర్ పరికరాన్ని సీలు వేసి బిగించాలి. ఆ రోజుకు ఇచ్చిన మైకు అనుమతి పత్రాన్ని, అందులోని వేళలతో, సంబంధిత డీఎస్పీ కార్యాలయం ఫోను నంబరుతో సహా గేటుకు అతికించాలి. అది గేటు మీద ఉంటే పక్కింటివారు ఎవరితోనూ గొడవ పడనక్కరలేదు, అనుమతి ఉందో లేదో, ఎన్నింటి వరకో చదువుకుంటారు. పది దాటాక ఆరుబయట మోగుతుంటే మీటరుతో కూడా పని లేదు, గడియారం చాలు. మొదటిసారి జరిమానా, మళ్లీ జరిగితే కొన్నాళ్లపాటు బుకింగులు ఆపివేయడం వంటి చర్య ఉంటే, ఆ షరతులను పెళ్లివారికి హాలు యజమానే బుకింగ్ రోజున చెబుతారు.

ఆడపిల్ల తండ్రికి కూడా ఇది మేలే. డీజే లేకపోతే మగపెళ్లివారు ఏమనుకుంటారోనన్న జంకుతో, ఇష్టం లేకపోయినా వేలు ఖర్చు పెడుతున్న తండ్రులు చాలామంది ఉన్నారు. హాలు నిబంధనే అలా ఉందని చెప్పుకోగలిగితే ఆయనకు ఊరట.

మెరవణి బండ్లకు ప్రత్యేకంగా దారి, వేళ నిర్ణయించాలి. ముఖ్యంగా ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి వంటి చోట్ల ఇది అత్యవసరం. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు నిబంధనల్లో ఉంది. 2017 సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది అమల్లోకి వస్తుంది. నగరంలో అలా ప్రకటించిన హద్దులను వార్డులవారీగా ప్రచురించి, రోడ్డు మీద బోర్డులు పెట్టాలి. ఇంకా ప్రకటించని చోట్లకు వెంటనే ప్రతిపాదనలు పంపాలి.

ఈ మాటలు ఏ ఒక్క మతాన్నీ ఉద్దేశించి రాయడం లేదు. వినాయక చవితి పందిళ్లు, ఉరుసులు, పీర్ల పండుగ, క్రిస్మస్ అన్నీ కలిసి జరుపుకునే ఊరు మనది. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగేలా మైకులు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000లోనే సుప్రీంకోర్టు మద్రాసుకు చెందిన ఒక ప్రార్థనా మందిరం కేసులో అన్నది అందరికీ వర్తిస్తుంది. డీజే నడుపుకునేవారి ఉపాధిని తీసేయమని కూడా నేను కోరడం లేదు. అప్పు చేసి సామాను కొన్న కుర్రవాళ్లు వాళ్లు. రాత్రి పది వరకు, ఇంత శబ్దం వరకు అని ముందే స్పష్టంగా ఉంటే, పోటీ కోసం ఇంకో రెండు బాక్సులు పెంచవలసిన అవసరం వారికీ తగ్గుతుంది.

నగరపాలక సంస్థ కమిషనరు, జిల్లా ఎస్పీ కలిసి హాళ్ల యజమానులను, సౌండ్ సిస్టం వారిని, హాళ్ల చుట్టుపక్కల ఇళ్లవారిని వచ్చే ముహూర్తాలు మొదలయ్యేలోగా ఒకచోట కూర్చోబెట్టి ఈ షరతుల ముసాయిదాను చర్చకు పెట్టాలని, దాన్ని తెలుగులోను, ఉర్దూలోను వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద ఉంచి అభ్యంతరాలు స్వీకరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కర్నూలు