వేళ్లు పోగొట్టుకున్నవాడిదే తప్పని ఎలా రాస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో యువకుడి చేతివేళ్లు రేకును నొక్కి మలిచే ప్రెస్సు మిషను కింద నలిగిపోయాయని పోయిన వారం మీ విశాఖ జిల్లా పేజీలో వార్త వేశారు. ‘కార్మికుడి నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని యాజమాన్యం తెలిపింది’ అన్న వాక్యంతో ఆ వార్త ముగిసింది. ఆసుపత్రిలో ఉన్న ఆ యువకుణ్ణి గానీ, పక్క మిషను మీద పనిచేసేవారిని గానీ ఒక్క మాట అడిగినట్టు అందులో ఎక్కడా లేదు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఆగాను, కానీ ఆ వాక్యం నన్ను వదలలేదు.

నేను ముప్పై ఏళ్లు మెయింటెనెన్సు ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కిందటేడాది, 24 ఏళ్ల మా మేనల్లుడికి అచ్చం ఇలాగే జరిగింది. ఎనిమిది మంది పనిచేసే షెడ్డు అది, జీతం నెలకు 15,000 రూపాయలు. ఆ ప్రెస్సుకు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి నొక్కితేనే డై, అంటే రేకును నొక్కే అచ్చు, కిందికి దిగాలి, అప్పుడు ఏ చెయ్యీ దాని కింద ఉండే వీలుండదు. ప్రమాదం జరిగిన మూడో రోజు నేను వెళ్లి చూసేసరికి ఎడమ బటను నొక్కిపెట్టి, దాని చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంది. టేపు అంచులకు గ్రీజు పట్టి గట్టిపడిపోయింది, అంటే అది నిన్నా మొన్నా చుట్టినది కాదు. గంటకు ఇన్ని ముక్కలు రావాలని సూపర్‌వైజరే చుట్టించాడని అక్కడివాళ్లు గొంతు తగ్గించి చెప్పారు. కుడిచేత్తో బటను నొక్కుతూ ఎడమచేత్తో రేకు అందించిన మావాడికి ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఆటోలోనే, ‘బైకు మీంచి పడ్డానని చెప్పు, ఖర్చంతా మేం చూసుకుంటాం’ అన్నారట. తర్వాత 40,000 రూపాయలు చేతిలో పెట్టి, ఇక ఏ క్లెయిమూ చేయనని కాగితం రాయించుకున్నారు. రక్తం ఓడుతున్న మనిషి చేత కూడా అబద్ధం చెప్పించారన్న బాధ నాకు ఈ రోజుకీ తగ్గలేదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం నష్టంగా లెక్కిస్తారు. మావాడి వయసుకు, జీతానికి ఆ లెక్క వేస్తే దాదాపు 5,90,000 రూపాయలు రావాలి. బాకీ పడిన నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ కట్టాలి, తగిన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా ఉంది. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చెల్లదని 17వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి కూడా అసలు యజమానే బాధ్యుడని 12వ సెక్షన్ అంటోంది. ఇప్పుడిదంతా సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలోకి మారినా ఆ హక్కు పోలేదు. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, పరిధిలోని వారికి దారి వేరు. అక్కడ పనిలో చేరిన మొదటి రోజున గాయపడినా, కోలుకునేదాకా జీతంలో 90 శాతం లెక్కన భృతి ఇవ్వాలి.

అందుకే ‘నిర్లక్ష్యం’ అన్న మాట మీద ఇంతగా పట్టుబడుతున్నాను. కార్మికుడు ఏమరుపాటుగా ఉన్నాడన్నంత మాత్రాన చట్టం అతనికి పరిహారం కాదనదు. కావాలని రక్షణ ఏర్పాటు తీసేయడం లాంటిది రుజువైతే తప్ప, ఆ వంకతో యజమాని తప్పించుకోలేడు. ఇక్కడ తీసేసింది ఎవరు? గ్యాసు పరీక్ష చేయకుండా ట్యాంకులోకి మనుషుల్ని దింపడం, బెల్టు లేకుండా రేకుల కప్పు ఎక్కించడం, ఖాళీ కెమికల్ డ్రమ్ముల మీద వెల్డింగు చేయించడం, ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ఒక్కటీ కూలివాడు తనంతట తాను చేసుకున్నది కాదు.

అధికారుల తీరు చూస్తే ఇంకా కష్టంగా ఉంటుంది. 2020 మేలో ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాసు లీకై 12 మంది, ఆగస్టులో షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో పేలుడు జరిగి 17 మంది పోయారు. అప్పుడు మంత్రులు వచ్చారు, కమిటీలు వేశారు, ఎల్‌జీ, అచ్యుతాపురం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. అది ఇవ్వవలసిందే. కానీ మూడు వేళ్లు పోయినవాడి షెడ్డుకు ఏ అధికారీ రాలేదు. మావాడి టేపు చుట్టిన బటను చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. తనిఖీ అధికారి ఒక్కసారి ఆ గుమ్మం తొక్కి ఉంటే ఆ టేపు కంటపడకుండా పోయేది కాదు.

మీరు చేయగలిగినదే అడుగుతున్నాను. ప్రమాద వార్త రాసేటప్పుడు యాజమాన్యం మాటతో పాటు గాయపడినవాడి మాట కూడా వేయండి. మీ వార్తలోని ఆ యువకుడు కాగితం మీద సంతకం పెట్టేసి ఉన్నా సరే, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మికశాఖలో పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని మీ విలేకరి ద్వారా అతని ఇంటివాళ్లకు చెప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డు ఫిట్టరు,
గాజువాక, విశాఖపట్నం