కలెక్టర్ గారూ, ధనుర్మాసపు పొగ గురించి

తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

డిసెంబరు వేకువన రాజమండ్రిలో కనిపించే తెల్లటి తెరను అందరం మంచు అనేస్తాం. కాస్త గాలి పీల్చి చూడండి, కాలిన గడ్డి వాసన వస్తుంది. ఆకాశం నిర్మలంగా, గాలి నిలిచిపోయిన రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది. లారీల పొగ, చెత్తమంటల పొగ ఇక పైకి పోలేవు. గోదావరి తేమకు ఆ పొగ రేణువులు ఉబ్బి చూపును ఇంకా మసకబరుస్తాయి. పొద్దెక్కి నేల కాగితే తప్ప ఆ పొర విడదు. వానాకాలంలో ఈ బాధ చాలావరకు ఉండదు, చినుకులే గాలిని కడుగుతాయి.

ఊపిరితిత్తుల లోతుకు చేరే అతి సన్నని ధూళి రేణువులను పిఎం 2.5 అంటారు. వాటికి మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు. మధ్యాహ్నపు గాలి ఆ సగటును దించేస్తుంది. బడిపిల్లలు, పాలవాళ్లు, వాకింగ్‌కు వెళ్లే పెద్దలు పీల్చేది మాత్రం తెల్లవారుజాము గాలి. అందుకే గంటగంటకూ లెక్కలు కూడళ్లలో ప్రదర్శించండి. గాలి కదలని రాత్రులను వాతావరణ శాఖ సూచనలతో ముందే పసిగట్టి, చెత్త కాల్చవద్దని దండోరా వేయించండి. రోడ్లు ఊడ్చే ముందు నీళ్లు చల్లించండి.

సార్వా (వానాకాలపు వరి) కోతయ్యాక గడ్డి తగలబెట్టే రైతును ఒక్కడినే దోషిని చేయకండి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లకు అతనికి గడువు తక్కువ. గడ్డి మోపులు కట్టే యంత్రాలు అద్దెకు సకాలంలో అందితే అగ్గిపెట్టె తీయడు.

ఇట్లు,
దానవాయిపేట నివాసి