గర్భిణిని యాత్ర గుర్రం ఎక్కించకండి

సంపాదకులకు,

నమస్కారం. శివరాత్రి నాడు ఉఖీమఠ్‌లో కేదారనాథ్ గుడి తలుపులు తెరిచే తేదీ ప్రకటించగానే మన ఊళ్లలో యాత్రా ప్యాకేజీల ప్రకటనలు మొదలవుతాయి. తెలుగు భోజనం, వేడినీళ్ల గది, నడవలేనివారికి గుర్రం లేదా డోలీ అని రాస్తారు. ఆ "నడవలేనివారు" అన్న మాటలోకి మోకాళ్ల నొప్పులున్న తాతగారూ వస్తారు, నాలుగో నెల కోడలూ వస్తుంది. తాతగారికి గుర్రం సాయమే. కడుపుతో ఉన్న అమ్మాయికి మాత్రం నడక కన్నా గుర్రమే ఎక్కువ ప్రమాదం. ఈ సంగతి యాత్రా పేజీల్లో కనబడదు. అందుకే మేమిద్దరం, ప్రసవాలు చేసే వృత్తిలో ఒకరు, స్వారీ నేర్పే వృత్తిలో ఒకరు, కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఒక అపోహ. "గుర్రం కుదుపులకు కడుపు జారిపోతుంది" అంటారు. గుర్రం మామూలు నడకలో ఉండే ఊపుకు ఆరోగ్యంగా ఉన్న గర్భం పోదు. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు, దాని చుట్టూ గర్భాశయపు మందపాటి కండర గోడ ఉంటాయి. మొదటి 12 వారాలు గర్భాశయం మొత్తం కటి ఎముకల మధ్యే ఉంటుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. నిర్ధారణ అయిన ప్రతి 100 గర్భాల్లో 10 నుంచి 20 దాకా ఎవరి తప్పూ లేకుండానే నిలవవు. గర్భం అని తెలియక ఊటీలోనో కొడైకెనాల్‌లోనో చెరువు గట్టున గుర్రం ఎక్కి, పడకుండా దిగి, తర్వాత గర్భం పోయిన అమ్మాయిని "నువ్వు గుర్రం ఎక్కావు కాబట్టే" అని ఇంట్లోవాళ్లు అనడం అన్యాయం. దయచేసి ఆ మాట అనకండి. ఆ అమ్మాయి తనను తాను కూడా అనుకోకూడదు.

అసలు ప్రమాదం పడిపోవడం. యాత్రల్లో వాడే గుర్రాలూ కంచరగాడిదలూ వీపు దగ్గర నాలుగు నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తుంటాయి. దాని మీద కూర్చున్న మనిషి తల ఆరడుగులకు పైనే ఉంటుంది. అక్కడినుంచి రాతి మెట్ల మీద పడితే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. గర్భిణి విషయంలో ఊహకు అందనిది ఇంకొకటుంది. గర్భాశయపు గోడ రబ్బరులా సాగుతుంది, దానికి అతుక్కున్న మాయ, అంటే ప్లాసెంటా, సాగదు. దెబ్బ తగిలిన క్షణంలో గోడ వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, మాయ ఆ వేగానికి తోడు రాలేక అంచు దగ్గర ఊడుతుంది. దెబ్బ పొట్టకే తగలాలని లేదు. నడుం మీద గట్టిగా కూలబడినా ఇది జరగొచ్చు. చర్మం మీద గీత కూడా లేకుండా లోపల రక్తస్రావం మొదలవుతుంది.

గర్భిణి ఎందుకు తేలిగ్గా పడుతుందో చెప్పాలి. 12 వారాల తర్వాత గర్భాశయం కటి నుంచి పైకి వస్తుంది, 20 వారాలకు బొడ్డు దాకా చేరుతుంది. శరీరం బరువు ముందుకు జరుగుతుంది, నడుం లోపలికి వంగుతుంది. కటి కీళ్లు వదులవుతాయి. స్వారీలో మనిషిని జీను మీద నిలబెట్టేవి తొడలూ, నడుమూ, పొట్ట కండరాలే. సరిగ్గా అవే పట్టు తప్పుతాయి. పదేళ్లుగా స్వారీ చేస్తున్న ఆమెకైనా శరీరానికి తెలిసిన పాత లెక్క ఇప్పుడు సరిపోదు. రక్తహీనత ఉంటే కళ్లు తిరగడం దానికి తోడు. మన గర్భిణుల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉన్నవాళ్లు ఎందరో.

ఎక్కడం, దిగడం గురించి ఎవరూ ఆలోచించరు. చాలా ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ వదులుగా ఉంటే రికాబు మీద బరువు పెట్టగానే జీను పక్కకు తిరిగిపోతుంది. ఎక్కేవారు గుర్రం కాళ్ల మధ్యకు జారతారు. దిగేటప్పుడు స్వారీ తెలిసినవాళ్లు కూడా కాలు వెనక్కి తిప్పి, పొట్ట జీనుకు ఆనించి, దాని మీదుగా జారుతూ నేలకు వస్తారు. శరీరం బరువంతా కొన్ని క్షణాలు పొట్ట మీదే ఉంటుంది. ఇరవై వారాల గర్భంతో ఆ పద్ధతి పనికిరాదు. ఇక దిగుడు దారిలో గుర్రం తల కిందికి వంగినప్పుడు వెనక్కి వాలడం తెలియనివాళ్లు ముందుకు తూలి, జీను ముందు భాగాన పైకి లేచి ఉండే చెక్కకు పొట్ట తగిలించుకుంటారు. యాత్రికుల జీనుల్లో చాలావాటికి ఆ చెక్కే పట్టుకునే ఆసరా.

కేదార దారి సంగతి వేరే చెప్పాలి. గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తులో ఉంది, కేదారనాథ్ 3,583 మీటర్లు. నడక 16 కిలోమీటర్లు. ఒక్క రోజులో 1,600 మీటర్లు పైకి పోతాం. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే కదా. ఎత్తుకు అలవాటు లేని గర్భిణి 1,800 మీటర్ల దాకా వ్యాయామం చేసినా పరవాలేదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం లెక్క. ఆ గీత గౌరీకుండ్ కన్నా కిందే ఉంది. ఆ దారిలో వాన, పేడ కలిసి రాళ్లు జారుతుంటాయి. ఎదురుగా సరుకుల కంచరగాడిదలు వస్తాయి. వీపుకిరువైపులా మూటలు మోసి అలవాటైన జంతువు మూట కొండకు రాసుకోకుండా లోయ అంచు వెంబడే నడుస్తుంది. మీద మనిషి ఉన్నా ఆ అలవాటు పోదు. హెలికాప్టర్ మోతకో, వెనకనుంచి ఇంకో గుర్రం తగిలితేనో ఒక్కసారి పక్కకు దూకితే పగ్గం పట్టుకున్న అబ్బాయి ఆపలేడు. పడితే కిందికి మోసుకురావాలి. పెద్దాసుపత్రి ఉన్న ఋషీకేశ్ గౌరీకుండ్‌కు 200 కిలోమీటర్లకు పైగా ఉంది.

డోలీలో పడే భయం తగ్గుతుంది, ఎత్తులో గాలి పలచబడే సమస్య తగ్గదు. హెలికాప్టర్‌లో పోతే ఆ ఎత్తుకు శరీరం అలవాటు పడే వ్యవధి కూడా ఉండదు. అమరనాథ్ యాత్రకు 6 వారాలు దాటిన గర్భిణులకు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. ఆ గుహ 3,888 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ నియమాన్ని తప్పించుకోవడానికి వైద్య పత్రంలో గర్భం దాచేవాళ్లకు మా మనవి, దయచేసి అలా చేయకండి. వైష్ణోదేవి భవన్ సుమారు 1,600 మీటర్లే, ఎత్తు ఇబ్బంది అంతగా లేదు. అక్కడ అర్ధకువారీ నుంచి భవన్ దాకా బ్యాటరీ కార్లున్నాయి. గుర్రం అవసరం లేకుండా ఎలా వెళ్లొచ్చో ముందే కనుక్కుని, డాక్టరును అడిగి నిర్ణయించుకోవచ్చు. కేదారుడి మీద మనసు లాగేవారికి ఒక మాట. కార్తిక శుద్ధ విదియ నాటికి గుడి మూసి, ఉత్సవమూర్తిని ఉఖీమఠ్ ఓంకారేశ్వరాలయానికి తెస్తారు, చలికాలమంతా పూజలు అక్కడే. ఆ గుడి సుమారు 1,300 మీటర్ల ఎత్తులో ఉంది, వాకిలి దాకా వాహనం పోతుంది. ఘాట్ రోడ్డు ప్రయాణానికి మీ డాక్టరు సరేనంటే దర్శనం దక్కుతుంది.

క్లబ్బుల్లో స్వారీ నేర్చుకునే అమ్మాయిలు, శివరాంపల్లి పోలీసు అకాడమీలో శిక్షణలో భాగంగా స్వారీ చేసే ఆఫీసర్లు, అమెరికా, బ్రిటన్‌లలో గుర్రాలు అలవాటైన మన ఆడపిల్లలు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది: "ఎన్నో నెల దాకా చేయొచ్చు?" అమెరికా సంఘం గర్భిణులు మానాల్సిన వాటిలో గుర్రపుస్వారీని పేరు పెట్టి చెప్పింది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చాలా జాగ్రత్తతో తప్ప వద్దంటుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంకీ వాన్ గ్రున్స్‌వెన్ గర్భిణిగా ఉండి డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రంతో లయగా అడుగులు వేయించే పోటీలో, స్వర్ణం గెలిచిన మాట నిజమే. ఆమె స్వారీ చేసింది 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవున్న చదునైన మైదానంలో, తాను తీర్చిదిద్దిన గుర్రం మీద. దాన్ని చూపించి ఎవరూ ధైర్యం తెచ్చుకోకూడదు. మా మాట ఇది: గర్భం తెలిసిన రోజునుంచి దూకించడం, దౌడు, కొండదారి, తెలియని గుర్రం పూర్తిగా మానాలి. బాగా అనుభవమున్నవారు డాక్టరుతో మాట్లాడి, మొదటి 12 వారాలలోపు కంచె ఉన్న మైదానంలో, నెమ్మదైన పరిచిత గుర్రం మీద, పక్కన మనిషి నడుస్తుండగా గుర్రాన్ని నడక మాత్రమే నడిపిస్తామంటే అది వారి నిర్ణయం. 12 వారాలు దాటాక అదీ వద్దు. రక్తపు మరకలు కనబడినవారు, మాయ కిందికి ఉన్నవారు, కవలలున్నవారు, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు పడినవారు, ఇంతకుముందు నెలలు నిండకుండా ప్రసవమైనవారు, బీపీ ఉన్నవారు ఒక్కసారి కూడా ఎక్కకూడదు. హెల్మెట్ తలనే కాపాడుతుంది. ఛాతీకి కట్టుకునే కవచం పొట్ట పెరిగేకొద్దీ సరిపోదు. బిగించి కట్టుకుంటే అదే హాని.

గుర్రపుశాలలో పని చేసేవారికి ఇంకో హెచ్చరిక, దీన్ని పశువైద్యులు కూడా గట్టిగా చెప్పాలి. ఆడ గుర్రాలు ఎదకు వచ్చే సమయాన్ని సర్దడానికి నోటి ద్వారా ఇచ్చే ఆల్ట్రెనోజెస్ట్ అనే హార్మోను మందు మన చర్మం గుండా లోపలికి పోతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు, అంటే క్లోప్రోస్టెనాల్, డైనోప్రోస్ట్, పొరపాటున గుచ్చుకున్నా, చేతి మీద చిందినా గర్భస్రావం కలిగించగలవు. గర్భిణి ఆ సీసాలను ముట్టుకోకూడదు, చేతి తొడుగులు వేసుకుని కూడా. గడ్డి గదిలో పిల్లులుంటే వాటి మలం ఊడ్చే పని ఇంకొకరికి అప్పగించాలి, కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి దానిలోంచి వస్తుంది. గిట్టలు శుభ్రం చేయడానికి గుర్రం కింద వంగడం, తలుపు మూసిన గదిలో దానితో ఒంటరిగా ఉండటం, గడ్డి మోపులు ఎత్తడం మానాలి. భుజం పక్కన నిలబడి దువ్వొచ్చు, వెనక కాళ్ల వైపు పోకూడదు. లాయం పని చేసేవారికి ధనుర్వాతం భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, గర్భంలో ఇచ్చే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకాలు వాయిదా వేయొద్దు.

ఇక పడిపోతే ఏం చేయాలో చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. లేపి నడిపించకండి, పొట్ట మర్దన చేయకండి. 20 వారాలు దాటినవారిని వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం పెద్ద రక్తనాళాన్ని నొక్కి బీపీ పడిపోతుంది, అందుకని ఎడమవైపు వాల్చాలి. వెన్నుకు దెబ్బ అనుమానముంటే బల్లతో సహా 15 నుంచి 30 డిగ్రీలు వంచాలి. నొప్పి అనగానే డైక్లోఫెనాక్ సూది వేస్తారు. 20 వారాల తర్వాత అది బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి చేటు. పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. రక్తం కనబడకపోయినా, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ బిడ్డ గుండె చప్పుడునూ, నొప్పుల తీరునూ యంత్రంతో కనీసం 4 గంటలు గమనించాలి. పొట్ట గట్టిపడుతున్నా, నొప్పి, రక్తం ఉన్నా 24 గంటలు. స్కాన్‌లో మాయ బాగానే కనబడిందని వెంటనే ఇంటికి పంపడం పొరపాటు. మాయ విడిపోయిన కేసుల్లో చాలావాటిని స్కాన్ పట్టుకోలేదు. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే 72 గంటలలోపు 300 మైక్రోగ్రాముల యాంటీ డి ఇంజెక్షన్ పడాలి, లేకపోతే తర్వాతి బిడ్డకు ముప్పు. అందుకే రక్తం గ్రూపు రాసి ఉన్న ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు ఫొటో భర్త ఫోన్‌లోనూ, అత్తగారి ఫోన్‌లోనూ ఉండాలి.

ప్రసవం తర్వాత మళ్లీ ఎప్పుడు ఎక్కవచ్చు? తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లే, కనుక ఇది చాలామందికి వర్తించే ప్రశ్న. ఆరు వారాల పరీక్ష అయ్యాకే ఆలోచించాలి, సిజేరియన్ అయితే 12 వారాల దాకా ఆగడం మేలు. అరగంట వేగంగా నడిచినా కుట్ల దగ్గర నొప్పి రాకూడదు, దగ్గితే మూత్రం జారకూడదు, ఒంటికాలి మీద తూలకుండా నిలబడగలగాలి. ఇవి కుదిరాక స్వారీ మొదట గుర్రం నడకతోనే.

గర్భిణి మంచం దిగకూడదని మేం అనడం లేదు. వారానికి 150 నిమిషాల నడకో, ఈతో మంచిదే.

మీ పత్రికకు మా విన్నపం ఒకటే. ఈ సీజన్‌లో యాత్రా ప్యాకేజీల ప్రకటన వేసే ప్రతివారినీ "నడవలేనివారికి గుర్రం" అన్న చోట "గర్భిణులకు గుర్రం లేదు, బుకింగ్ సమయంలోనే చెప్పండి" అని రెండు మాటలు చేర్చమని అడగండి. చార్‌ధామ్ కథనాలు రాసే మీ విలేకరులు కూడా దారి దూరం, డోలీ ధర పక్కనే ఈ మాటలూ రాయాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక ప్రసూతి వైద్యురాలు, ఒక గుర్రపుస్వారీ శిక్షకురాలు
హైదరాబాద్