నాన్నా, ఫోన్‌లో చెప్పలేకపోయిన మాట

నాన్నగారికి,

నేను బాగానే ఉన్నాను. ఆఫీసులో పని ఎక్కువే, అలవాటైపోయింది. అమ్మ బీపీ మాత్రలు మానేసిందట, చెల్లి చెప్పింది. తగ్గింది కదా అని ఆపేసే మందులు కావవి. మీరు చెబితేనే వింటుంది.

మొన్న మీరన్న మాట ఇంకా మనసులోనే ఉంది. "అక్కడివాళ్ళకి ప్రేమలుండవు, ముసలివాళ్ళని ఒంటరిగా వదిలేస్తారు, నువ్వూ అలాగే తయారవుతావు" అన్నారు. నాకు కష్టంగా అనిపించింది నాన్నా.

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. కొడుకు రమ్మని అడుగుతూనే ఉంటాడు, ఈవిడే వెళ్ళరు. తన ఇంట్లో, తన చేతిమీద బతకడమే ఆవిడకి గౌరవం. అతను ప్రతి ఆదివారం వచ్చి రోజంతా ఉండి వెళ్తాడు. ఒకరోజు ఆవిడ నన్నేం అడిగారో తెలుసా? "అమ్మానాన్నల్ని వదిలి ఇంతదూరం ఎలా రాగలిగావు? మీ దేశంలో పిల్లలకి బెంగ ఉండదా?" అని. నాకు ఏడుపొచ్చేసింది. నన్ను పంపించడానికి మీరు పడ్డ పాట్లు, ఎయిర్‌పోర్టులో అమ్మ పరిస్థితి ఆవిడకేం తెలుసు? ఆవిడకి నేను వచ్చేయడం ఒక్కటే కనిపించింది. మీకు ఆ కొడుకు విడిగా ఉండటం ఒక్కటే కనిపిస్తోంది.

లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఒక సంగతి చదివాను. చావు మాటలు రాస్తున్నానని కోప్పడకండి. దాదాపు 2,400 ఏళ్ళ కిందట గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసినది. పర్షియా రాజు డరియస్ గ్రీకుల్ని పిలిచి, ఎంత డబ్బిస్తే చనిపోయిన తండ్రుల శరీరాల్ని తింటారని అడిగాడట. ఎంతిచ్చినా ఆ పని చెయ్యమన్నారు. తర్వాత, అలా తినడమే ఆచారంగా ఉన్న కల్లాటియే అనే భారతీయ తెగవాళ్ళని పిలిచి, ఎంతిస్తే దహనం చేస్తారన్నాడు. అంత ఘోరమైన మాట అనొద్దని వాళ్ళు కేకలు పెట్టారట. మనకి దహనమే ధర్మం కదా, అందుకే అక్కడ కాసేపు ఆగిపోయాను.

థామస్ పెటిగ్రూ అనే సామాజిక మనస్తత్వవేత్త 1979లో, మనవాళ్ళని ఒకలా బయటివాళ్ళని ఒకలా చూసే ఈ తీరు గురించే రాశాడు. మనవాళ్ళు తప్పు చేస్తే పరిస్థితులు అలాంటివంటాం. బయటివాళ్ళు చేస్తే వాళ్ళ బుద్ధే అంత అంటాం. వాళ్ళు మంచి చేసినా ఏదో కలిసొచ్చిందంటాం.

ఇక్కడ అన్నీ బాగున్నాయని నేననడం లేదు. పలకరించే మనిషి లేక కుంగిపోయేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. కానీ నానమ్మ చివరి రోజులు గుర్తున్నాయా నాన్నా? ఇంటినిండా మనుషులమే, పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదు. మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరెంత నలిగారో నాకు తెలుసు. అప్పుడు మనల్ని చూసినవాళ్ళు ప్రేమలేని మనుషులనుకుంటే మనం ఒప్పుకునేవాళ్ళమా?

నేనెక్కడికీ పోలేదు, మీ కూతుర్నే.

తమ్ముడి రిజల్ట్స్ వచ్చాయా? వాణ్ణి కేకలేయకండి. మీ ఇద్దరి పాస్‌పోర్టుల పని వాడికే అప్పగించండి. మీరొస్తే కింది ఫ్లాట్ పెద్దావిడని కలుద్దురుగాని, మీ గురించి ఎప్పుడూ అడుగుతుంటారు.

మీ అమ్మడు